ముట్టుకోకూడని మూడు ప్లగ్గులు

జీవరత్నంగారు పొద్దున్న లేవగానే రెండు పనులు చేసేవారు. మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసుకోవడం మొదటిది. వాకిట్లో ఉన్న వ్యాను ముందుసీటు పైకెత్తి, దాని కిందున్న ఇంజనులోంచి మూడు స్పార్కు ప్లగ్గులూ విప్పి చూడడం రెండోది. ఈ రెండింటికీ మధ్య ఆయన మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు.

విప్పిన ప్లగ్గుల్ని గోనెపట్టా మీద వరసగా పేర్చి ముందు వాటి రంగు చూసేవారు. ఇటుక రంగులో ఉంటే ఇంజను కులాసాగా ఉన్నట్టు. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా పాలిపోతే లోపల వేడెక్కిపోతున్నట్టు. చూడడం అయ్యాక చిన్న ఎమిరీ కాగితం ముక్కతో మొనలు గరగరా రుద్దేవారు. ప్లగ్గు మధ్యలో ఉండే మొనకీ, దాని మీదకి వంగి ఉండే కొక్కేనికీ నడుమ సన్నటి సందు ఉంటుంది. నిప్పురవ్వ దూకేది ఆ సందులోనే. అది ఎంత ఉండాలో కొలవడానికి ఆయన దగ్గర విరిగిన రంపపు బ్లేడు ముక్క ఒకటుండేది. బ్లేడు కొంచెం పట్టిపట్టి దూరితే సరి. వదులైతే కొక్కేన్ని తట్టడం, ఇరుకైతే స్క్రూడ్రైవరు మొన దూర్చి పైకెత్తడం.

“ఇయ్యాల మూడూ ఇటికరంగే,” అని ఆయన వాకిట్లోంచి కేకేస్తే, “అయితే టీ పెట్టేస్తన్నాను,” అని లోపలినుంచి వాళ్ళావిడ ప్రిస్కిల్లమ్మగారు జవాబిచ్చేవారు. కేక వినపడని రోజున ఆవిడ పొయ్యి వెలిగించకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. మా వీధిలో చాలామందికి ఆ గరగర చప్పుడే తెల్లవారినట్టు గుర్తు.

ఈ అలవాటు ఆయనకి గురువు పెట్టినది. పదహారో ఏట ఆయన మిషను ఆసుపత్రి పెట్రోలు జీపు చూసే పెద్దాయన దగ్గర పనిలో చేరారు. ఆ పెద్దాయన రోజూ ఒకటే మాట చెప్పేవారట. “పొద్దున్నే ముందు ప్లగ్గు మొకం సూడు. తరవాతే అద్దంలో నీ మొకం. ఒక ఆడకూతురు నొప్పులు పడతంటే, నిప్పు నేదని మన బండి ఆగిపోకూడదు.” గురువు పోయి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఆ జీపు ఏ ఊళ్ళో తుక్కయిపోయిందో ఎవరికీ తెలియదు. మాట మాత్రం జీవరత్నంగారి వేళ్ళలో ఉండిపోయింది. గజపతినగరంలో రాయగడ రోడ్డు పక్కనున్న తన షెడ్డు ముందునుంచి ఎవరైనా ఆగిపోయిన స్కూటరు తోసుకుంటూ పోతుంటే, ఆయనే పిలిచి ప్లగ్గు విప్పి రుద్ది ఇచ్చేవారు. “రుద్దినందుకు ఏటిస్తావు, ఎల్లు ఎల్లు,” అని తరిమేసేవారు.

నాలుగేళ్ళ కిందట ప్రిస్కిల్లమ్మగారికి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి మంగళవారం, లక్ష్మివారం, శనివారం విజయనగరం ఆసుపత్రిలో ఆవిడ ఒంట్లోని రక్తాన్ని మిషను శుభ్రం చేయాలి. పొద్దున్న ఏడింటికి మొదటి వంతు. ఆ వేళకి చేరకపోతే మిషను తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచినవాళ్ళకి బస్సులో నిలబడే ఓపిక ఉండదు. అందుకని ఆయన ఇరవై ఆరేళ్ళనాటి వ్యాను ఒకటి కొని, వెనకసీటు తీసేసి, పరుపు వేసి, అదే పనికి పెట్టుకున్నారు.

ఆ వ్యానులోనే పక్క ఊరి రైతు ఎర్రన్న కూడా వచ్చేవాడు. అతనిదీ అదే జబ్బు. గోగూ, వరీ పండించే మనిషి, నోరు ఊరుకోదు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు.

“నీ యేసుప్రభువు బండి తోల్తాడు, మా రామతీర్థం రాముడు బ్రేకులు సూసుకుంటాడు. మనం తొంగుందాం బావా,” అనేవాడు ఎర్రన్న.

“నువ్వు తొంగో. నాను తొంగుంటే ఇద్దరు దేవుళ్ళకీ పని పెరుగుతాది,” అనేవారు జీవరత్నంగారు.

ఆ వ్యానుకి ఒక రోగం ఉండేది. ఒక్క కాయిల్ పుట్టించిన కరెంటుని మూడు ప్లగ్గులకీ వంతులవారీగా పంచే పరికరం ఉంటుంది, డిస్ట్రిబ్యూటరు అంటారు. దాని మూత చిట్లిపోయింది. వానాకాలంలో తేమ పట్టి పొద్దున్నే మొరాయించేది. ఆ పాత రకం మూత విజయనగరంలో దొరకలేదు, విశాఖలో దొరికినదీ చిట్లినదే. ఏడు గంటల వంతు గుర్తొచ్చి ఆయనకి మూడింటికే మెలకువ వచ్చేసేది. లేచి టార్చిలైటుతో మూత తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచేవారు.

చివరికి గరివిడిలో మోటార్లకి తీగ చుట్టే గిరిబాబు దగ్గరకి వెళ్ళారు. అతను వయసులో చాలా చిన్నవాడు, మావా అని పిలుస్తాడు. చేతిలో టంకం కర్ర ఉంటే లోకం తెలియదు.

“ఒరే గిరీ, బంతిలో ఒక్కడే వడ్డిస్తే ఆకరోడికి సాంబారు సల్లారిపోతాది. ముగ్గురికీ మూడు గిన్నెలు ఎట్టేద్దాం,” అన్నారు.

గిరిబాబుకి అర్థమైంది. తుక్కుకొట్టులో పడి ఉన్న మోటారుసైకిళ్ళ నుంచి మూడు కాయిళ్ళూ, వాటికి కరెంటుని ఒక్కసారిగా వదిలే మూడు చిన్న నల్లపెట్టెలూ ఏరుకొచ్చారు. డిస్ట్రిబ్యూటరు మూతా, లోపల తిరిగే ముక్కా తీసేశారు. తిరిగే ఇరుసుకి ఒక అయస్కాంతం బిగించి, చుట్టూ మూడు చోట్ల దాన్ని కనిపెట్టే ముక్కలు పెట్టారు. అయస్కాంతం ఎవరి ముందుకొస్తే వాళ్ళ ప్లగ్గులో నిప్పు. ఒకటి, మూడు, రెండు. అది ఆ ఇంజను వరస. మూడు వారాలు కుస్తీ పట్టి మొత్తాన్ని ఒక స్టీలు టిఫిను డబ్బాలో అమర్చి, ముందుసీటు కింద బిగించారు. డబ్బా ప్రిస్కిల్లమ్మగారిది. ఆవిడ దాని కోసం రెండ్రోజులు వెతికి, దొరికినచోట చూసి నవ్వి ఊరుకున్నారు.

మొదటి వానరోజున తాళం తిప్పగానే బండి అందుకుంది. ఆ చప్పుడు నేనూ విన్నాను. నీళ్ళు నిండిన బిందె గడపకి తగలకుండా దాటినట్టు మెత్తగా ఉంది.

ఎర్రన్నకి సంతోషం ఆగలేదు. విశాఖలో ఉండే అల్లుడికి చెప్పి, చాలా ఖరీదైన ప్లగ్గులు మూడు తెప్పించి తెచ్చాడు. మొన సూదిలా సన్నగా ఉంది.

“ఏదో గట్టి లోహం అంట బావా, ఇరిడియమో ఏటో. ఒకసారి బిగిస్తే ఏళ్ళ తరబడి ముట్టుకోనక్కర్లేదంట. అట్టపెట్టె మీద కూడా రాసున్నాదని మా అల్లుడు సెప్పినాడు.”

“ముట్టుకోకుండా ఉండడానికి అవేటైనా మడి కట్టుకున్నాయేటి?” అని జీవరత్నంగారు నవ్వారు. పెట్టె మీది రాతని ఆయన అమ్మకం మాటలుగా తీసుకున్నారు. ప్లగ్గుల్ని మాత్రం కళ్ళకద్దుకుని బిగించారు.

మర్నాడు పొద్దున్న గోనెపట్టా పరిచి, వాటినీ విప్పారు. నలభై అయిదేళ్ళుగా చేస్తున్నట్టే గరగరా రుద్దారు. కొత్త పెట్టెల నిప్పు బలంగా ఉంది కాబట్టి సందు కొంచెం పెద్దది చేయవచ్చని, స్క్రూడ్రైవరు మొనని ఆ సూదిమొన మీద ఆనించి, కొక్కేన్ని పైకెత్తారు. బహుమానంగా వచ్చినవని మిగతా రోజులకన్నా ఎక్కువ శ్రద్ధగానే చేశారు. తర్వాత రోజూ అంతే.

నెల తిరక్కముందే బండిలో మిస్సింగు, అంటే నడుమ నడుమ నిప్పు తప్పడం, మొదలైంది.

విజయనగరం దారిలో రైలు పట్టాల మీదుగా పోయే వంతెన ఒకటి ఉంది. దాని ఎక్కుడు దగ్గర ఇంజను ఒక్కసారి మింగుడుపడనట్టు ఆగి, మళ్ళీ అందుకుంది. వెనక పరుపు మీద ఎర్రన్న కునుకుతున్నాడు. ప్రిస్కిల్లమ్మగారు మాత్రం అద్దంలో భర్త కళ్ళు చూశారు.

“ఏటయ్యింది?”

“ఏటీ నేదు. గాలి.”

ఇంటికొచ్చాక ఆయన చొక్కా విప్పకుండానే టిఫిను డబ్బా ఊడదీశారు. ప్లగ్గుల్ని ఒక్కొక్కటే తీగకి తగిలించి, బయట ఇంజను మీద ఆనించి తాళం తిప్పించారు. మూడింట్లోనూ టపటపమని నీలంగా నిప్పు దూకింది. ఎంత చూసినా మూడూ బాగానే ఉన్నాయి. కాబట్టి తప్పు పెట్టెలదే అనుకున్నారు. ప్లగ్గుల మీద ఆయనకి అనుమానం రాలేదు. రోజూ తన కళ్ళతో చూసి, తన చేత్తో శుభ్రం చేసేవాటిలో తనకి తెలియని తప్పు ఏముంటుంది?

అక్కడినుంచి ఆయనకి మనసు ఒకచోట నిలవలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవారు. ఆదివారం ఆరాధనలో నేను ఆయన వెనక వరసలో కూర్చుంటాను. ప్రసంగం జరుగుతుంటే ఆయన కుడిచేతి వేళ్ళు బల్ల అంచు మీద కొట్టుకుంటూ ఉండేవి. ఒకటి, మూడు, రెండు. ఒకటి, మూడు, రెండు. ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పించి ఆగి, మళ్ళీ మొదలు. ఇంజను ఎక్కడ తడబడుతోందో వేళ్ళతో వెతుకుతున్నారన్నమాట. మూడో ఆదివారం ప్రిస్కిల్లమ్మగారు ఆ చేతిని మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకున్నారు. వేళ్ళు అక్కడా ఊరుకోలేదు. ఆవిడ వదల్లేదు.

“పెట్టె పీకేసి పాతదే ఎట్టేయండి. వానొస్తే ఎండబెట్టుకుందాం,” అన్నారు ఆవిడ ఇంటికెళ్ళాక.

“పాతదాని మూత ఇంకా చిట్లిపోనాది. ముందుకెల్లలేను, యెనక్కెల్లలేను.”

ఇంతలో ఒక మంగళవారం వచ్చింది. శనివారం తర్వాత మళ్ళీ మంగళవారం దాకా మూడు రోజుల ఎడం. ఈ జబ్బువాళ్ళకి ఒంట్లో నీరు ఎక్కువ చేరేది ఆ మూడు రోజుల్లోనే. ఎర్రన్న ముందురోజు మనవడి పుట్టినరోజని రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగాడు. వ్యాను ఎక్కేటప్పటికే కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టలేదు. హాస్యాలేవీ ఆడలేదు.

వంతెన సగం ఎక్కేసరికి ఇంజను కుదుపులు మొదలెట్టింది. జీవరత్నంగారు గేరు తగ్గించారు. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. తాళం తిప్పితే అందుకుంటుంది, కాస్త బరువు పడగానే చచ్చిపోతుంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. సన్నగా వాన. పరుపు మీద ఎర్రన్న లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, నోటితో గాలి పీలుస్తున్నాడు.

“బావా,” అన్నాడు. తర్వాత మాట రాలేదు.

ఆ వెనకే వస్తున్న ఆర్టీసీ బస్సు ఎక్కుడు మీదే ఆగింది. కండక్టరు గొడుగు కూడా తీసుకోకుండా దిగొచ్చి, ఎర్రన్నని రెండు చంకల కిందా పట్టి బస్సెక్కించాడు. ములక్కాడల గంపతో కూర్చున్న ఒకావిడ సీటు ఇచ్చి, తన గంప బోర్లించి, అతని కాళ్ళు దాని మీద పెట్టింది. ములక్కాడలు చేతుల్లో పొదువుకుని నిలబడింది. ప్రిస్కిల్లమ్మగారు కూడా ఎక్కారు. బస్సు ఆసుపత్రి సందు దాకా దారి మళ్ళి వెళ్ళిందని తర్వాత తెలిసింది. ఎవరూ కాదనలేదట.

వీళ్ళు చేరేసరికి ఏడున్నర దాటింది. ప్రిస్కిల్లమ్మగారి మిషను ఇంకా ఖాళీగానే ఉంది. ఎర్రన్న మిషను దగ్గర మాత్రం తర్వాతి వంతు ముసలాయన ఒకరు అప్పటికే మంచమెక్కారు. ఇతన్ని చూసి దిగిపోయారు. “ముందు ఆయన్నెక్కించండి, నాకింకా తట్టుకునే ఓపికున్నాది,” అన్నారు. ఎర్రన్నకి ఆక్సిజను పెట్టి, రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు.

బండిని తోసుకుని, లాగించుకుని ఎలాగో పట్నం చేరిన జీవరత్నంగారు మధ్యాహ్నం ఆ మంచం పక్కన నిలబడ్డారు. ఎర్రన్న కళ్ళు తెరిచి, ముక్కు మీది గొట్టం కాస్త పక్కకి తీసి అన్నాడు.

“మజ్జిగ నాను తాగినాను. నీ మొకం అలగెట్టకు.”

ఆ మాట ఆయన్ని ఇంకా కుదురు లేకుండా చేసింది. తిడితే బాగుండేదేమో. ప్రిస్కిల్లమ్మగారిని ఆటోలో ఇంటికి పంపి, ఆయన మాత్రం పోలేదు. టిఫిను డబ్బా ఊడదీసి చేతిలో పట్టుకుని, బస్సెక్కి తిన్నగా గరివిడి వెళ్ళారు. గిరిబాబు దుకాణంలో మోటార్లు చుట్టించుకోవడానికి వచ్చిన ఫ్యాక్టరీ మనుషులు నలుగురున్నారు. వాళ్ళ ముందే డబ్బా బల్ల మీద పెట్టారు.

“తుక్కులోంచి ఏరి తుక్కే ఇచ్చినావు. నీ టంకం నమ్ముకుని మన్సిని సంపేసేవోణ్ణి.”

జీవరత్నంగారు అలా మాట్లాడడం ఎవరూ విని ఉండరు. గిరిబాబు ముఖం ఎర్రబడింది. డబ్బా తెరిచి, ప్రతి అతుకూ ఊడదీసి మళ్ళీ టంకం పెట్టాడు. సాయంత్రం దాకా పట్టింది. డబ్బా మూసి ఇస్తూ, “సూడు మావా,” అన్నాడు, అంతే.

బిగించారు. మళ్ళీ మిస్సింగు. మళ్ళీ గరివిడి. అలా నాలుగుసార్లు. రోగులిద్దర్నీ ఆ వ్యానులో ఎక్కించనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. మా వీధి త్రినాథ్ తన ఆటోలో తలగడలు పేర్చి తీసుకెళ్ళాడు. గోతులు తప్పించడానికి త్రినాథ్ నడిపే వేగానికి పక్కనుంచి సైకిళ్ళు దాటిపోయేవి. అయినా ఆటో కుదుపుకి ప్రిస్కిల్లమ్మగారికి మిషను సూదులు గుచ్చే చెయ్యి వాచింది. అదేం లేదని ఆవిడ పమిట కప్పేసుకునేవారు. ఆయన చూడనట్టు ఉండేవారు. చూశారని ఆవిడకి తెలుసు.

మిగతా రోజుల్లో ఆయన వెనక పరుపు మీద నాలుగు బియ్యం బస్తాలు వేసుకుని, మనుషుల బరువు లెక్కన, ఒంటరిగా వంతెన ఎక్కేవారు, దిగేవారు, మళ్ళీ ఎక్కేవారు. వంతెన కింద టీకొట్టు నడిపే దుర్గ ఆయన ఎన్నోసారి తిరుగుతున్నారో లెక్కపెట్టి, అయిదోసారికి గ్లాసు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చి నిలబడేది. “బస్తాలకేటి, ఎన్నిసార్లయినా తిరుగుతాయి. నువ్వు తాగు బాబూ,” అనేది.

బయలుదేరే ముందు మాత్రం ప్రతి పొద్దునా ప్లగ్గులు విప్పి రుద్దడం ఆయన మానలేదు. దిగులు ఎక్కువైన కొద్దీ ఎక్కువసేపు రుద్దారు. మొన అరిగిందనిపిస్తే కొక్కేన్ని వంచడం, వంగింది ఎక్కువయితే మొన మీద స్క్రూడ్రైవరు ఆనించి ఎత్తడం.

శ్రావణమాసం చివర్లో, తీగలు మారుద్దామని విజయనగరంలో ఝాన్సీ కొట్టుకి వెళ్ళారు. కార్ల విడిభాగాలు అమ్మే కొట్టు. తండ్రి పోయాక ఆ అమ్మాయే నడుపుతోంది. ఐటీఐ చదివింది.

“తీగలు సరే బాబాయ్, ప్లగ్గులు తెచ్చావా?” అంది.

“ప్లగ్గులు బంగారంనాగున్నాయమ్మా. రోజూ సూస్తన్నాను.”

“ఓసారి నన్నూ చూడనీ.”

ఆయన జేబులోంచి గుడ్డమూట తీశారు. ఝాన్సీ మొదటిది చూసి, రెండోది చూసి, తలెత్తింది. కొట్టులో ఇద్దరు మెకానిక్కులు నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకప్పుడు జీవరత్నంగారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆమె ప్లగ్గుల్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, వాళ్ళకి కావలసినవి ఇచ్చి, బిల్లు రాసి, కబుర్లు చెప్పి పంపించింది. వాళ్ళ బండి చప్పుడు దూరమయ్యాక స్టూలు లాగి ఆయన్ని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

“దీన్ని దేంతో రుద్దావు బాబాయ్?”

“ఎమిరీతోనే. దేంతో రుద్దుతారు?”

ఆమె సెల్‌ఫోను కెమెరాని దగ్గరగా పెట్టి, బొమ్మ పెద్దది చేసి చూపించింది. సూదిలా ఉండాల్సిన మొన అరిగి మొద్దుబారి ఉంది. దాని చుట్టూ తెల్లటి పింగాణీ. ఆ పింగాణీలో, మొన మొదలు దగ్గరనుంచి కిందకి, వెంట్రుకంత సన్నటి నల్లగీత.

“ఇది పగులు. స్క్రూడ్రైవరు ఆనించి ఎత్తినప్పుడు పడి ఉంటుంది. ఈ రకం ప్లగ్గుల్ని రుద్దకూడదు, మొన మీద ఏదీ ఆనించకూడదు బాబాయ్. మొన సన్నం, చుట్టూ పింగాణీ కూడా సున్నితం.”

“మరి బయట నీలంగా నిప్పు పడతన్నాది గదా. నా కళ్ళతో సూసినాను.”

“బయట గాల్లో సందు దాటడం తేలిక. ఇంజను లోపల ఒత్తిడి ఉంటుంది. ఎక్కుడులో ఇంకా ఎక్కువ. అప్పుడు సందు దాటడం కష్టమై, కరెంటు ఈ పగులు వెంట పక్కదారి పట్టేస్తుంది. చదునులో బాగుంటుంది, వంతెన మీద చచ్చిపోతుంది.”

జీవరత్నంగారు ఆ బొమ్మనే చాలాసేపు చూశారు. వేళ్ళు బల్ల మీద కొట్టుకోవడం ఆగిపోయింది. కాసేపటికి స్టూలు మీద కూర్చున్నారు.

“అయితే పెట్టె బాగానే ఉన్నాది.”

“పెట్టె బాగానే ఉండుంటుంది.”

“గిరిగాడి టంకం బాగానే ఉన్నాది.”

ఝాన్సీ మంచినీళ్ళ సీసా ఆయన ముందుకి జరిపింది.

అదే రకం ప్లగ్గులు మూడు కొనుక్కుని, కొట్టు ముందే బిగించారు. సందు ఎంతుంటే అంతే, ముట్టుకోలేదు. బ్లేడు ముక్క జేబులో ఉంది. రెండుసార్లు చెయ్యి జేబు దాకా పోయిందని తర్వాత ఆయనే చెప్పారు. బస్తాలతో వంతెన ఎక్కారు. ఇంజను తడబడలేదు. ఆరుసార్లు ఎక్కారు. ఆరోసారి దిగుతూ దుర్గ దగ్గర ఆగి, తనే అడిగి టీ తాగారు.

ఆ సాయంత్రం గరివిడి వెళ్ళారు. దుకాణంలో మళ్ళీ ఫ్యాక్టరీ మనుషులున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుతారని గిరిబాబు అనుకున్నాడు. ఆగలేదు. నలుగురి ముందూ అన్న మాట నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలని ఆయన దారంతా అనుకుంటూ వచ్చారట.

“ఒరే గిరీ, నీ పెట్టెలో దోసం నేదు. దోసం నా సేతిలో ఉన్నాది. ప్లగ్గులు నానే పగలగొట్టినాను. నిన్ను అనరాని మాటన్నాను. సెమించు.”

గిరిబాబు టంకం కర్ర పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“నాలుగుసార్లు ఊడదీసి పెట్టించావు మావా. ఇప్పుడు ఆ అతుకుల మీద ఏనుగెక్కినా ఊడవు. పోనీ, నీకు అదో లాభం,” అన్నాడు. తర్వాత టీ తెప్పించాడు.

మిగిలింది ఎర్రన్న. సోమవారం పొద్దున్న జీవరత్నంగారు నడిచే అతని ఊరికి వెళ్ళారు. తెల్లవారితే మంగళవారం. ఎర్రన్న అరుగు మీద నులకమంచంలో కూర్చుని, మనవరాలు తెచ్చిన అరగ్లాసు నీళ్ళని గుక్క గుక్కకీ ఆగి తాగుతున్నాడు. జీవరత్నంగారు కూర్చోకుండానే జరిగినదంతా చెప్పారు. రుద్దడం, ఎత్తడం, పగులు, వంతెన.

ఎర్రన్న మొత్తం విన్నాడు. “అంటే ఆయాల నా పేనం మీదకి తెచ్చింది నీ పెట్టె కాదు. నీ సెయ్యి.”

“నా సెయ్యే.”

“నానిచ్చిన ప్లగ్గుల్నే.”

“నువ్విచ్చినవే.”

“ముట్టుకోకు అని సెప్పి మరీ ఇచ్చినాను.”

“సెప్పినావు.”

ఎర్రన్న గ్లాసు కింద పెట్టాడు. అరుగు కింద కోడి ఒకటి గింజల కోసం మట్టి గీరుతోంది. గరగర. జీవరత్నంగారు అటు చూసి, తల తిప్పుకున్నారు. అది చూసి ఎర్రన్నకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

“కూకో బావా. రేపు ఎన్నింటికి వస్తావు?”

“అయిదున్నరకి.”

“సరే. అయితే మరేటి నీ బాధ?”

జీవరత్నంగారు కూర్చున్నారు. చొక్కా లోపలి జేబులోంచి, పాత గుడ్డలో చుట్టినది ఒకటి తీసి మంచం మీద పెట్టారు. పిడి దగ్గర చేతి రాపిడికి నున్నగా అరిగిపోయిన ప్లగ్గు పానా. గురువు ఇచ్చినది. దాని పక్కన రంపపు బ్లేడు ముక్క.

“ఇయ్యాల పొద్దున్న ప్రార్దన అయ్యాక ఇది సేతిలోకి వచ్చేసినాది. నాను తియ్యలేదు బావా, అదే వచ్చినాది. సీటు ఎత్తేసినాను. పిస్కిల్ల వచ్చి సెయ్యి పట్టుకున్నాది.” ఆయన ఆగారు. “షెడ్డులోది షెడ్డులోనే తాళం కింద ఉంటాది. ఇంటికాడ ఇదొక్కటే. నువ్వు దీన్ని నీ దగ్గిర దాయాలి.”

“నాను దాయడమేటి? ఆవిడకియ్యి.”

“దానికిస్తే నా మొకం సూసి జాలిపడి రెండో రోజే ఇచ్చేస్తాది. నువ్వయితే ఇవ్వవు. అడిగినా ఇవ్వకు. తగువాడినా ఇవ్వకు. గురువు పేరు సెప్పి ఏడిసినా ఇవ్వకు. ఈ ఒక్క సాయం సెయ్యి బావా.”

ఎర్రన్న పానాని గుడ్డలో మళ్ళీ చుట్టాడు. మడత మీద మడత వేసి తలగడ కిందకి తోశాడు.

“మా ఆవిడ దగ్గిర సుట్టలు దాసిన సేతులివి. సూసుకుంటాను గాని, ఎన్నాళ్ళు దాయమంటావు?”

“నాను అడగడం మానేసినదాకా.”